అయిదు గంటలకు పిలువబడినవాడు

పాఠ్యభాగము: మత్తయి 20:1–16



గడచిన నెల అంబర్‌పేటలోని మా యౌవనుల కూటమునందు ద్రాక్షతోట పనివారి ఉపమానమును ధ్యానించితిమి. యజమానుడు తెల్లవారగనే బయలుదేరి కూలివారిని పిలిచెను. తొమ్మిదింటికి, పండ్రెండింటికి, మూడింటికి మరల వెళ్లెను. పొద్దు గ్రుంకుటకు ముందు అయిదు గంటలకు కూడ వెళ్లి, సంతవీధిలో ఊరక నిలిచియున్న కొందరిని పిలిచెను. అందరికిని ఒక్కొక్క దేనారమే ఇచ్చెను. ఈ కథను మనము చిన్ననాటి నుండి వినుచునే యున్నాము. సాధారణముగా మనము ఉదయముననే వచ్చి సణిగినవారిని గూర్చియే మాటలాడుకొందుము. మా కూటములో మాత్రము ఆ సాయంకాలము మాట అయిదు గంటలవారి వైపునకు మళ్లినది.

మళ్లించినవాడు ఒక కుర్రవాడు. పేటలోని క్రికెట్ జట్టులో అతడు ఎల్లప్పుడు పండ్రెండవవాడే. "అయ్యగారూ, అయిదింటికి పిలిచినవానికి గంటసేపైనా పని దొరికినది. నన్ను మంచినీళ్లు తెమ్మని తప్ప మరి దేనికి పిలువరు" అనెను. అందరు నవ్విరి. నవ్వు ముగిసిన తరువాత వెనుక వరుసలో నుండి ఒక సహోదరి మెల్లగా చెప్పినది. ఆమె ఒక బడిలో లీవు వేకెన్సీలో పాఠములు చెప్పుచున్నది. అనగా మరియొక ఉపాధ్యాయురాలు సెలవు నుండి తిరిగి వచ్చువరకే ఆమె పని. "ద్రాక్షతోటలో అందరికి ఒకే కూలి ఇచ్చిరి, సంతోషమే. మా బడిలో హాజరు పుస్తకములో అందరి పేర్లు సిరాతో వ్రాసియున్నవి. నా పేరు పెన్సిలుతో వ్రాసిరి" అని మాత్రము చెప్పి ఊరకుండెను. ఎవరును నవ్వలేదు.

మేమును ఆ వేళ సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ప్రార్థన చేసి కూటము ముగించితిమి గాని, ఆ పెన్సిలు మాట మమ్మును విడువలేదు. మరియొకని చోట, ఆట చివరి భాగమున, పిలువబడి వచ్చినవారి జీవితములు ఎట్లుండునో చూడవలెనని మేము కొంత చదివితిమి. ఆ చదివినదే ఈ నెల పాఠము. సంఘ పత్రికలో ఆటల సంగతి ఏల అని పెద్దలెవరైన అడిగినయెడల, పరుగుపందెమును గూర్చియు ముష్టియుద్ధమును గూర్చియు కొరింథీయులకు వ్రాసిన అపొస్తలుని ఎదుట మేము చాల చిన్నవారము అని మా మనవి.

మొదట మన ఇంటి సంగతి చూతము.

ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానము మా పేటకు ఎంతో దూరము కాదు. రామంతాపూరు దాటగనే దాని ఎత్తైన దీపస్తంభములు కనబడును. అక్కడ మొదటి అంతర్జాతీయ పోటీ 2005 నవంబరు 16న భారత, దక్షిణాఫ్రికా జట్ల నడుమ జరిగినది; మొదటి టెస్టు 2010 నవంబరులో న్యూజీలాండుతో జరిగినది. అంతకు మునుపు హైదరాబాదులో పెద్ద ఆట యన్నచో ఫతే మైదానములోని లాల్ బహదూర్ స్టేడియమునకే పోవలెను. మేమిప్పుడు చెప్పబోవు సంగతి ఆ ఉప్పల్ మైదానము లేని దినములది.

1997లో భారత జట్టు సచిన్ టెండూల్కర్ నాయకత్వమున వెస్టిండీసు దీవులకు పోయెను. జట్టులో ముఖ్యుడైన వేగపు బౌలరు జవగళ్ శ్రీనాథ్ భుజము గాయపడినది. అతనికి బదులుగా మరియొకనిని పంపవలసివచ్చెను. వేగపు బౌలరునకు బదులు వేగపు బౌలరునే పంపుదురని లోకమంతయు తలంచెను. పంపబడినవాడు హైదరాబాదునకు చెందిన నోయెల్ డేవిడ్, ఆఫ్ స్పిన్ వేయువాడు, మంచి ఫీల్డరు, బ్యాటు పట్టగలవాడు. ఇతడెవడని దేశమంతయు అడిగినది. ఆ ప్రశ్న నేటికిని క్రికెట్ కబుర్లలో హాస్యముగా చెప్పుకొనబడుచున్నది.

ఎవడో మేము చెప్పెదము. మూడేండ్లు వెనుకకు పొండి. 1994 జనవరిలో సికింద్రాబాదులో రంజీ పోటీ జరిగెను. హైదరాబాదు జట్టు ఆంధ్ర జట్టు మీద 6 వికెట్లకు 944 పరుగులు చేసి ఇన్నింగ్సు చాలించెను. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207, అతడు అవుట్ కాలేదు. ఒకే ఇన్నింగ్సులో మువ్వురు రెండువందలు దాటుట ఎంత అరుదో ఆట తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అయితే ఆ పోటీని జ్ఞాపకము చేసికొనువారు 366ను చెప్పుదురు, 944ను చెప్పుదురు. 207ను చెప్పుట మరచిపోవుదురు. రెండువందల ఏడు పరుగులు చేసియు నీడలో నిలుచుట సాధ్యమే అని ఇందువలన తెలియుచున్నది.

పిలుపు వచ్చినప్పుడు అతడు పోయెను. అతడు భారతదేశము తరఫున ఆడినవి నాలుగు ఒకదిన పోటీలు, తీసినవి నాలుగు వికెట్లు. అందులో ఒక పోటీలో 21 పరుగులకే 3 వికెట్లు తీసెను. అవి యన్నియు 1997లోనే. ఆ సంవత్సరముతోనే ఆరంభము, ఆ సంవత్సరముతోనే ముగింపు. శ్రీనాథ్ భుజము బాగుపడి, అతడు తిరిగి వచ్చి, 2003 వరకు దేశమునకు ఆడెను, అది న్యాయమే. గాయపడినవాడు తిరిగి రాకూడదని ఎవరు కోరుదురు? బదులు వచ్చినవాని కష్టమంతయు ఇక్కడనే యున్నది: అతని అవకాశము మరియొకని బాధ నుండి పుట్టినది, ఆ బాధ తీరుటతో అతని అవకాశమును తీరిపోవచ్చును. మా సహోదరి పని కూడ సరిగా ఇట్టిదే. సెలవులో నున్న ఆ ఉపాధ్యాయురాలు కోలుకొనవలెనని ఆమె ప్రార్థించుచున్నది. ఆ ప్రార్థన నెరవేరిన దినమున ఆమె పని పోవును.

పిలుపే రానివారును గలరు. కన్వల్‌జిత్ సింగ్ మన హైదరాబాదు ఆఫ్ స్పిన్ బౌలరు. ఇంచుమించు ఇరువది సంవత్సరములు రంజీ పోటీలలో ఆడి, మొత్తము మీద 350కి పైగా వికెట్లు తీసెను. అయితే అతని దినములలో అదే ఊరి నుండి, అదే రకపు బంతి వేయువారు ఇరువురు ముందుండిరి. శివలాల్ యాదవ్ 35 టెస్టులాడి 102 వికెట్లు తీసెను. అతని వెనుక అర్షద్ అయూబ్ 13 టెస్టులాడెను. ఒక ఇంటికి ఒకే వాకిలి యున్నట్లు, భారత జట్టులోనికి ఆ త్రోవ ఎల్లప్పుడు నిండియే యుండెను. కన్వల్‌జిత్ ఒక్కసారియైనను దేశమునకు ఆడలేదు. అతడు నలువది దాటిన తరువాత, 1999–2000 సంవత్సరమున, హైదరాబాదు జట్టు రంజీ తుదిపోటీ వరకు పోయినది. ఆ యేడు వి.వి.యస్. లక్ష్మణ్ 1,415 పరుగులు చేసెను. పత్రికలన్నియు దానినే వ్రాసినవి, వ్రాయదగినదే. అదే యేడు ఆ జట్టు తరఫున అరువదికి పైగా వికెట్లు తీసినవాడు ఈ నలువది దాటిన మనిషి. తుదిపోటీలో ముంబయి గెలిచెను.

ఇక మా పండ్రెండవవాని మాట. క్రికెట్ నియమములలో బదులు వచ్చినవానికి చాలకాలము వరకు ఫీల్డింగు మాత్రమే అనుమతి. బంతి వేయరాదు, బ్యాటు పట్టరాదు. తలకు దెబ్బ తగిలినవానికి బదులుగా మరియొకడు పూర్తిగా ఆడవచ్చునని 2019లో అంతర్జాతీయ పోటీలలో అనుమతించిరి. 2023 నుండి ఐపీఎల్‌లో నడుమ నొకనిని మార్చుకొనవచ్చును. కావున తమ్ముడా, నీ కష్టము నీ నాయకుని వలన మాత్రము కలిగినది కాదు, ఆట పుస్తకములోనే వ్రాయబడినది.

అయితే సముద్రముల ఆవల మరియొక ఆట కలదు. అందులో ఆలస్యముగా పిలువబడుటయే ఒకని ఉద్యోగము. అదే బేస్‌బాల్. మన బడి పిల్లలలో కొందరు సాఫ్ట్‌బాల్ ఆడుదురు. దాని అన్నయే ఇది. దీనిలో బంతి విసరువానిని పిచ్చర్ అందురు. క్రికెట్‌లో ఆరు బంతులైన తరువాత వేరొకడు వేయును, మొదటివాడు మరల రావచ్చును. బేస్‌బాల్‌లో అట్లు కాదు. మొదట నిలిచిన పిచ్చరే బంతి వెంబడి బంతి విసరుచుండును. అతడు అలసినను, బంతులు దెబ్బలు తినుచున్నను, నాయకుడు వచ్చి అతని చేతి నుండి బంతి తీసికొని మరియొకనికి ఇచ్చును. పెద్ద పోటీలలో అట్లు బయటకు పోయినవాడు ఆ దినము మరల రాకూడదు. లోనికి వచ్చినవానిని రిలీఫ్ పిచ్చర్ అందురు. అతడు పిలుపు వచ్చువరకు మైదానపు అంచున ప్రత్యేకముగా కట్టిన ఆవరణములో కూర్చుండును. దానికి బుల్‌పెన్ అని పేరు, అనగా ఎద్దుల దొడ్డి. పేరు అంత గౌరవముగా లేదు గదా!

ఆ దొడ్డిలో జరుగు సంగతి మమ్మును చాల ఆలోచింపజేసినది. నాయకునికి అనుమానము కలిగినప్పుడు దొడ్డికి కబురు పంపును. ఒకడు లేచి, చెయ్యి వేడెక్కువరకు బంతులు విసరుచుండును. తరువాత మైదానములోని వాడు కుదుటపడినయెడల, సరే కూర్చుండుమని చెప్పుదురు. అతడు కూర్చుండును. మరల లేపుదురు. మరల కూర్చుండును. అట్లు మూడు సారులు లేచి, ఒక్క బంతియైనను ఆటలో విసరక ఇంటికి పోయిన రాత్రులు ప్రతి రిలీఫ్ పిచ్చరుకు కలవు. చెయ్యి అలసిపోయినది, పుస్తకములో మాత్రము ఏమియు లేదు, పెన్సిలుతో కూడ లేదు.

పూర్వము ఈ పనికి మర్యాద యుండెడిది కాదు. మొదట నిలిచినవాడు చివరివరకు విసరుటయే మగతనమని యెంచెడివారు. దొడ్డిలో కూర్చుండువారు ముసలివారు గాని, మొదట నిలువ తగనివారు గాని అయియుండిరి. వారి పనిని లెక్కించు పద్ధతియు లేకపోయెను. 1959లో పిట్స్‌బర్గు జట్టులో రాయ్ ఫేస్ అను రిలీఫ్ పిచ్చరుకు పదునెనిమిది గెలుపులు, ఒకే ఓటమి అని లెక్క వచ్చినది. చికాగో పత్రికలో వ్రాయు జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ అను విలేఖరి దానిని శోధించి ఒక వింత కనుగొనెను. ఆ గెలుపులలో కొన్ని ఎట్లు వచ్చినవనగా, ఫేస్ వచ్చునప్పటికి అతని జట్టు ముందున్నది; అతడు ఆ ఆధిక్యమును పోగొట్టెను; తరువాత తోటివారు పరుగులు తీసి గెలిపించిరి; గెలుపు అతని పేరనే వ్రాయబడెను! దేనినీ పోగొట్టక కాపాడినవానికి మాత్రము ఏమియు వ్రాయబడలేదు. చెడగొట్టినవానికి పేరు, కాపాడినవానికి సున్న. ఈ అన్యాయమును సరిచేయుటకే హోల్ట్‌జ్‌మన్ సేవ్ అను క్రొత్త లెక్కను ఆలోచించెను. జట్టు ముందున్నప్పుడు వచ్చి, ఆ ఆధిక్యము చెదరకుండ ఆట ముగించినవానికి ఒక సేవ్ వ్రాయుదురు. దానికి నియమములు కలవు. ఉదాహరణకు మూడు పరుగులకు మించని ఆధిక్యముతో వచ్చి కనీసము ఒక ఇన్నింగ్సు విసరవలెను. 1969లో అది అధికారికమైన లెక్క అయినది. సేవ్ అనగా రక్షించుట. ఆ మాట మన చెవికి మరియొక విధముగా వినిపించును గాని, మేము దానిని లాగి ప్రసంగము చేయబోము.

హోయ్ట్ విల్‌హెల్మ్ అనువాడు ఈ పనివారిలో మొదటి పెద్ద పేరు. ఇతడు 1944 చివర ఐరోపాలో జరిగిన బల్జ్ యుద్ధమున గాయపడిన సైనికుడు; ఆ లోహపు ముక్కలు అతని శరీరములో జీవితాంతము ఉండిపోయినవి. యుద్ధము ముగిసిన తరువాత ఏండ్ల తరబడి చిన్న జట్లలో ఆడి, 1952లో 29 సంవత్సరముల వయస్సున గాని పెద్ద జట్టులోనికి రాలేదు. ఆ వయస్సునకు చాలమంది ఆటగాండ్రు సగము దారి దాటియుందురు. అతడు విసరు బంతి నకుల్‌బాల్. వ్రేళ్ల కొనలతో పట్టి, తిరుగకుండ, మెల్లగా విసరవలెను. గాలిలో అది ఎటు పోవునో విసరినవానికే తెలియదు. దానిని పట్టుకొనలేక తోటివారు అవస్థ పడుచుండగా, 1960లో అతని నాయకుడు పాల్ రిచర్డ్స్ ప్రత్యేకముగా పెద్ద చేతితొడుగు చేయించెను. మొదటిసారి బ్యాటు పట్టినప్పుడు విల్‌హెల్మ్ బంతిని మైదానము దాటించి హోమ్ రన్ చేసెను. ఆ తరువాత వెయ్యికి పైగా పోటీలాడియు మరియొకటి చేయలేదు! 1972 జూలైలో, యాబదవ పుట్టినదినమునకు కొద్ది దినముల ముందు చివరి పోటీ ఆడెను. 1985లో బేస్‌బాల్ ప్రముఖుల మందిరమున చేర్చబడిన మొదటి రిలీఫ్ పిచ్చర్ ఇతడే.

ఇప్పుడు ఈ పాఠములో ముఖ్యునియొద్దకు వచ్చుచున్నాము.

మరియానో రివెరా 1969 నవంబరు 29న పనామా దేశమున పుట్టెను. ప్వెర్తో కైమితో అను చేపలు పట్టువారి పల్లెలో పెరిగెను. తండ్రి చేపల పడవ నడుపువాడు. కుమారుడును ఆ పడవ మీద పని చేసినవాడే. పిల్లలు పాల డబ్బాల అట్టలతో చేతితొడుగులు చేసికొని సముద్రపు ఒడ్డున ఆడుకొనెడివారు. అతడు మొదట పిచ్చర్ కాడు. ఊరి జట్టులో వేరొక స్థానమున నిలుచువాడు. 1989లో ఒక దినమున ఆ జట్టు పిచ్చర్ బాగుగా విసరలేకపోవుట చేత అతనికి బదులు రివెరా బంతి తీసికొనెను. చూచితిరా, మొదటి అడుగే బదులు అడుగు! తోటివారు అతని విసరుట చూచి ఆశ్చర్యపడి న్యూయార్కు యాంకీస్ జట్టు మనిషికి కబురు పంపిరి. 1990లో ఆ జట్టువారు అతనిని తీసికొనిరి. ఇచ్చిన మొత్తము 2,500 డాలర్లు. అప్పుడతనికి ఇంగ్లీషు రాదు, ఇల్లు విడిచి ఎరుగడు. 1992లో మోచేతికి శస్త్రచికిత్స జరిగినది. 1995 మే నెలలో పెద్ద జట్టులో మొదటిసారి ఆడినప్పుడు దెబ్బలు తిని, కొద్ది వారములలోనే చిన్న జట్టునకు తిరిగి పంపబడెను. 1996లో మరియొక ముగింపు పిచ్చరుకు ముందు విసరు పని ఇచ్చిరి. అనగా చివర వచ్చువానికి కొంచెము ముందు వచ్చువాడు. 1997లోనే అతడు ఆట ముగించువాడు, క్లోజర్ అయ్యెను.

ఆ 1997 సంవత్సరముననే, మన నోయెల్ డేవిడ్ దీవులకు పిలువబడిన యేటనే, రివెరా ఒక దినము తోటివానితో ఊరక బంతి విసరుకొనుచుండగా అతని బంతి చివరి క్షణమున ప్రక్కకు జరుగుట ఆరంభమాయెను. తాను కోరలేదు, నేర్చుకొనలేదు. మొదట దానిని తిన్నగా చేయుటకు ప్రయత్నించి చేయలేకపోయెను. తరువాత దానిని దేవుడిచ్చిన వరమని చెప్పుచుండెను. ఎడమచేతి ఆటగాండ్ర చేతులలోనికి అది చొచ్చుకొనిపోయి వారి కర్రలను విరుగగొట్టెడిది. ప్రతివానికి ఆ బంతియే వచ్చునని తెలియును, తెలిసియు కొట్టలేకపోయిరి. ఆ ఒక్క బంతితో పదునేడేండ్లు గడిపెను. 2011 సెప్టెంబరు 19న 602వ సేవ్ చేసి అందరికంటె ముందుకు పోయెను; విరమించునాటికి అవి 652.

అయితే ఈ పనిలో ఒక భయంకరమైన లక్షణము కలదు. మొదట నిలిచినవాడు తప్పు చేసినను ఎనిమిది ఇన్నింగ్సులు మిగిలియుండును. చివర వచ్చినవాని తప్పునకు తరువాత ఏమియు మిగులదు. దానిని అందరు చూతురు, అందరు జ్ఞాపకము పెట్టుకొందురు.

2001 నవంబరు 4. రెండు నెలల ముందు సెప్టెంబరు 11న న్యూయార్కు నగరము దెబ్బతిని దుఃఖములో నున్నది. ప్రపంచ సిరీస్ ఏడవ పోటీ, చివరి పోటీ. యాంకీస్ జట్టు 2–1గా ముందున్నది. బంతి రివెరా చేతిలో నున్నది. పెద్ద పోటీలలో అంతకు మునుపు వరుసగా ఇరువది మూడు సారులు అతడు ఆధిక్యమును కాపాడెను. ఆ రాత్రి తొమ్మిదవ ఇన్నింగ్సులో మొదటివాడు బంతిని కొట్టెను; రెండవవాని బంతిని తానే పట్టి రెండవ బేసునకు విసరగా అది గురి తప్పినది; తరువాత లెక్క సమమాయెను; చివరకు లూయిస్ గొంజాలెజ్ కొట్టిన మెత్తని దెబ్బ, విరిగిన కర్రతో కొట్టిన దెబ్బ, దగ్గరకు వచ్చి నిలిచిన ఫీల్డర్ల తలల మీదుగా పోయి పడినది. అరిజోనా 3–2తో గెలిచినది. దుఃఖములో నున్న నగరమునకు సంతోషము తేవలసినవాడు ఓటమి తెచ్చెను.

దాని తరువాతి సంగతిని వినుడు. యాంకీస్ గెలిచియున్నయెడల న్యూయార్కులో ఊరేగింపు జరిగియుండును. జట్టులోని ఎన్రికే విల్సన్ ఊరేగింపునకు నిలిచి, తరువాత నవంబరు 12న డొమినికన్ దేశమునకు పోవు విమానమెక్కవలసి యుండెను. ఓడిపోవుటచే ఊరేగింపు లేదు. అతడు ముందుగానే ఇంటికి పోయెను. నవంబరు 12న ఆ విమానము బయలుదేరిన వెంటనే క్వీన్స్ అను పేటలో కూలిపోయినది. లోపలివారు 260 మంది, నేల మీద 5గురు చనిపోయిరి. మనము ఓడిపోయినది మంచిదే, నా స్నేహితుడు మిగిలెను అను భావముతో రివెరా తరువాత మాటలాడెను.

ఈ కథను ప్రసంగములలో వాడువారు కలరు. మేమును వాడవలెనని తలంచి కలము పట్టి ఆగితిమి. ఒక్కని కొరకు దేవుడు ఆట ఓడించెనని చెప్పినయెడల, మిగిలిన 265 మంది తల్లులకు మేమేమి చెప్పుదుము? అట్టి లెక్కలు మన చేతికిచ్చిన లెక్కలు కావు. ఇంతమాత్రము చెప్పగలము: తన వృత్తిలోకెల్ల చేదైన రాత్రిని ఆ మనుష్యుడు తోటివాని ప్రాణము ప్రక్కన పెట్టి తూచెను, తూచినప్పుడు అది చిన్నదిగా కనబడెను. అట్లు తూచగలుగుట సులభము కాదు. మనము మన ఓటమిని దేనితోను తూచము. ఒంటరిగానే ఎత్తి చూచుకొందుము.

2004లోను అట్టిదే జరిగినది. బోస్టన్ జట్టుతో ఆడిన నాలుగవ పోటీలో రివెరా ఆధిక్యము పోగొట్టెను. అక్కడి నుండి లేచిన బోస్టన్ 1918 తరువాత మొదటిసారి ప్రపంచ సిరీస్ గెలుచుకొనెను. మరుసటి ఏప్రిలులో అతడు బోస్టన్‌కు ఆడుటకు పోగా, ఆ పురజనులు లేచి పెద్దగా చప్పట్లు కొట్టిరి. అది మెచ్చుకోలు కాదు, ఎగతాళి. మా గెలుపునకు నీవే కారకుడవని వారి భావము. అతడు నవ్వి, టోపీ తీసి వారికి వందనము చేసెను. ఈ భాగమును కూటములో చదివినప్పుడు మా పండ్రెండవవాడు, "అయ్యగారూ, నేనైతే బంతి వారి మీదికే విసరుదును" అనెను. నిజము చెప్పవలెనన్న, మాలోను కొందరికి అదే అనిపించినది.

2012 మే 3న, ఆటకు ముందు అభ్యాసములో ఎగిరిన బంతిని పట్టుకొనబోయి అతని మోకాలి నరము తెగినది. వయస్సు నలువది రెండు. ఇక చాలునని అందరు అనుకొనిరి. అతడు 2013లో తిరిగి వచ్చి 44 సేవ్‌లు చేసెను. ఆ యేడు సెప్టెంబరు 26న అతని చివరి ఆట. రిలీఫ్ పిచ్చరును తీసికొనిపోవుటకు మామూలుగా నాయకుడు వచ్చును. ఆ రాత్రి అతని చిరకాల మిత్రులు డెరెక్ జీటర్, ఆండీ పెట్టిట్ నడచి వచ్చిరి. అతడు పెట్టిట్ భుజము మీద తల పెట్టి అందరి ఎదుట ఏడ్చెను. అతని చొక్కా మీది అంకె 42. అది 1947లో ఆ పెద్ద పోటీలలోనికి నల్లజాతివారికి త్రోవ తెరచిన జాకీ రాబిన్‌సన్ అంకె. 1997లో అన్ని జట్లును దానిని రాబిన్‌సన్ గౌరవార్థము ప్రక్కన పెట్టినవి; అప్పటికే ధరించుచున్నవారిని మాత్రము ధరించనిచ్చిరి. వారిలో చివరివాడు రివెరా. 2019లో ప్రముఖుల మందిరమునకు ఓటు వేసిన 425 మందియు అతని పేరే వ్రాసిరి. అంతకు మునుపు ఎవనికిని అట్లు జరుగలేదు. ఆట చివర ఒక్క ఇన్నింగ్సు కొరకు వచ్చుచుండినవానికి, మొదటి నుండి నిలిచిన గొప్పవారెవరికిని దొరకని కూలి దొరికినది.

ఇదంతయు చదివి ముగించిన తరువాత మా సహోదరి వైపు చూచితిమి. ఆమె సంతోషించునని మా ఆశ. ఆమె కొంచెము సేపు ఆలోచించి, "ఆయనకు 652 అని లెక్క యున్నది. కన్వల్‌జిత్ గారికి వికెట్లైనా లెక్క యున్నవి. దొడ్డిలో మూడుసారులు లేచి కూర్చున్నవారి సంగతి మీరు చదివినారే, వారిది ఎవరు వ్రాసిరి?" అని అడిగినది.

ఆ ప్రశ్నను మేము వచ్చే నెలకు ఉంచుకొనుచున్నాము. దాని నిమిత్తము అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయము, 15వ వచనము నుండి చివరివరకు ఇంటియొద్ద చదివి రావలెను. యూదా పోయిన చోట మరియొకనిని నిలుపుటకు ఇద్దరిని నిలువబెట్టిరి. చీట్లు వేయగా మత్తీయ పేరట వచ్చినది. అతనిని మనమెల్లరము ఎరుగుదుము. రెండవవాడు ఎవడు? అతనికి అక్కడ ఒకటి కాదు, మూడు పేర్లు వ్రాయబడియున్నవి, ఎంపికైనవానికి ఒకటే. లూకా అట్లు ఏల వ్రాసెనో, ఆ మూడు పేర్లవాడు మరునాడు ఏమి చేసియుండునో, మీ మీ ఆలోచనలను ఒక కాగితము మీద వ్రాసికొని తెండి. సిరాతోనైనను పెన్సిలుతోనైనను సరియే.

కూటము మూడవ ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు.